మేరీ అక్కకు చెప్పిన ఐసు తూకం

మంగళవారం, రాత్రి

"గచ్చిబౌలి ఆఫీసు ఐదో అంతస్తు ప్రజలకు తెలియజేయునది ఏమనగా, ఫ్రీజర్‌ల పగిలిన బాటిల్‌కు మూడు దినాలు సంతాపం పాటించవలెను."

పోయిన వారం మా హౌస్‌కీపింగ్ మేరీ అక్క నిండు బాటిల్ ఫ్రీజర్‌ల పెట్టి పగలగొట్టుకుంటే, పాంట్రీల నేను గిట్ల చాటింపు వేసిన. అందరూ నవ్విండ్రు. అక్క మాత్రం "ఎందుకు పగిలింది తమ్మీ?" అని అడిగింది. నాకు తెల్వదు. తెల్వదనడానికి నామోషీ.

"గడ్డకడితే నీళ్లు బరువెక్కుతయి అక్కా. తూకమేసి చూసిన, కిలో నీళ్లు కిలోంబావు అయినయి" అన్న.

అక్క నలభై ఆరేండ్లకు ఓపెన్ టెన్త్ రాస్తున్నది. పాసైతేనే సూపర్‌వైజర్ చేస్తరు. ఇయ్యాల పరీక్షల అదే ప్రశ్న వచ్చిందట, నా జవాబే రాసిందట. సాయంత్రం టీ ఇచ్చుకుంట ఒక ఇంజనీర్ సార్‌ని అడిగింది.

"బరువు అంతే ఉంటదమ్మా. జాగా ఎక్కువ పడుతది, అందుకే బాటిల్ పగులుతది. అందుకే ఐసు నీళ్ల మీద తేలుతది. ఎవరు చెప్పిండ్రు నీకు?"

నేను పక్కనే కప్పులు కడుగుతున్న.

"తూకమేసి చూసినోళ్లే చెప్పిండ్రు సార్. పాపం, వాళ్ల తరాజు ఖరాబైందేమో" అన్నది అక్క, నా దిక్కు చూడకుండ.

రేపు ఆమె ముఖం ఎట్ల చూడాలె...

మా పాంట్రీల తరాజే లేదు. నేనేదీ తూకమెయ్యలే.