సేంద్రియమంటే ఇదా!

బాబాయ్,

నీ పురుగుమందుల కొట్టు మూయించి తీరతానని శపథం చేసి పీజీకి వచ్చాను కదా. డిగ్రీలో చదివింది కర్బన రసాయనశాస్త్రం. ఇక్కడ బోర్డు మీద "సేంద్రియ రసాయనశాస్త్రం" అని చూసి, పురుగుమందులు వద్దంటూ మేం పంచే కరపత్రాల్లో రాసే సేంద్రియ సాగు చదువే కాబోలని చేరిపోయాను. తీరా చూస్తే ఆ కర్బన, ఈ సేంద్రియ రసాయనశాస్త్రాలు రెండూ ఒకటేనట!

"నువ్వు తిట్టే మందులు కూడా చాలావరకు కర్బన పదార్థాలే, అంటే సేంద్రియాలే నాయనా" అన్నారు మేడమ్. క్లాసంతా గొల్లుమంది. ఒళ్లు మండి, సీటు వదిలేస్తానన్నాను.

"వదిలేయ్. ఆ మందు మట్టిలో కలిశాక ఏమవుతుందో మరి ఎవరు చూస్తారు, నీ కరపత్రమా?" అన్నారావిడ.

అప్పటినుంచీ అదే ఆలోచన. నిజంగా ఏమవుతుంది బాబాయ్? విరిగిపోతుందా, ఇంకో విషంగా మారుతుందా? తేలేదాకా సీటు వదలను. నీ కొట్టు వెనక సీసాలు కడిగి పారబోసేచోట మట్టి ఒక డబ్బా నిండా పంపు. తిట్టుకుంటూనైనా పంపు. తవ్వేటప్పుడు మాత్రం చేతులకు గ్లౌజులు వేసుకో.

నీ అన్న కొడుకు