చక్కెర లవణం, గోధుమరంగు పొగ

ఫిబ్రవరి 3
ప్రసన్న ఫోన్. "నాన్నా, ఏం కాలేదు. ముందే చెబుతున్నా." అంటే ఏదో అయింది.
ఎమ్మెస్సీ ప్రాజెక్టు. చక్కెరను నైట్రిక్ యాసిడ్‌తో కాచి ఆమ్లంగా మార్చాలి, దాని పొటాషియం లవణాన్ని స్ఫటికాలుగా తీయాలి. గైడ్ గ్లూకోజ్ వాడమన్నారు. ఆవిడ లేనప్పుడు మా అమ్మాయి తన మేనమామ పొలంలో వండిన బెల్లం వేసింది. ఫ్లాస్క్ పొంగింది. గోధుమరంగు పొగ. వెనక్కి జరగాలి... ముందుకు వంగి గాజుకడ్డీతో తిప్పింది.
ఆసుపత్రిలో ఉంచారట. బయల్దేరుతున్నాను.

అదే రోజు, ఆసుపత్రి
నవ్వుతోంది. టీ అడిగింది. నా భయం అక్కడే. అచ్యుతాపురం ఫ్యాక్టరీలో ఇదే వాయువు పీల్చిన కార్మికుడు నాతో టీ తాగాడు, జోకులేశాడు. మర్నాటికి ఊపిరితిత్తుల్లో నీరు. బతకలేదు. వార్త రాసింది నేనే. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.
బావమరిది సత్యం చెరకు కోత వదిలి వచ్చాడు.
"పొంగొత్తే ఒంగి తిప్పమని సిన్నప్పుడు నేనే నేర్పేను బావా. బెల్లం పెనం కాడ అదే కదేటి."
"నీ బెల్లంలో సగం మట్టే మావయ్యా, అందుకే పొంగింది."
"నోరు బాగానే ఉంది. అది సాలు."

ఫిబ్రవరి 4
ఆక్సిజన్ సరిగా ఉంది. ఎక్స్‌రే శుభ్రం. ఇంటికి పంపారు.
గుమ్మం దగ్గర డాక్టరు నన్ను ఆపి... "రెండు మూడు వారాలకి తిరగబెట్టొచ్చు. దగ్గు, ఆయాసం వస్తే వెంటనే తీసుకురండి."

ఫిబ్రవరి 9
దగ్గు లేదు.

ఫిబ్రవరి 13
మళ్ళీ చేసింది. ఈసారి గ్లూకోజ్‌తో, పొగను బయటికి లాగేసే పెట్టెలో, గైడ్ పక్కనుండగా. ఆపలేకపోయాను. తెల్లటి సూదుల్లాంటి స్ఫటికాలు. ఒకదాన్ని విశాఖ పంపారు. ఎక్స్‌రేలతో లోపల పరమాణువుల అమరిక చూస్తారట. చాలాసేపు చెప్పింది. నేను అడిగింది ఒక్కటే — మెట్లెక్కితే ఆయాసం వచ్చిందా?

ఫిబ్రవరి 17
స్నానాల గదిలో ప్రసన్న గొంతు సవరించుకుంది. పేపరు పట్టుకుని తలుపు దగ్గర నిలబడిపోయాను.
"ఏటయింది మీకు?" నా భార్య.
ఏం లేదన్నాను.

ఫిబ్రవరి 22
సత్యం పొలం. బెల్లం వండుతున్నారు. విశాఖ నుంచి ఫలితం వచ్చింది. ఏ పరమాణువు ఎక్కడుందో ఫోన్లో బొమ్మ చూపిస్తోంది.
"ఇదేటే పిల్లా, ముగ్గేసినట్టుంది. నా బెల్లమైతే ఇంకా బాగుండును."
నవ్వబోయి దగ్గింది.
"పొగ నాన్నా."
మళ్ళీ దగ్గింది. సత్యం తిప్పడం ఆపేశాడు.
పొయ్యి వైపు చూశాను. పొగ తిన్నగా కాలువ వైపు పోతోంది. మేం ఇవతల ఉన్నాం.