పసుపు పూసిన రివాల్వర్

9 అక్టోబర్ 2024

బీపీ 170/110. మేడ్చల్ డాక్టర్ గోళీ మార్చాడు. కోపం వచ్చినప్పుడల్లా ఎవరినీ తిట్టకుండా పుస్తకంలో రాసుకో అంజయ్యా అన్నాడు. సిమెంట్ కంపెనీ వాళ్ళిచ్చిన డైరీ జనవరి నుంచి ఖాళీగానే పడి ఉంది. మొదటి కోపం డాక్టర్ మీదే. నాకు కోపం ఎక్కువని ఆయనకెవరు చెప్పారు?

10 అక్టోబర్

నా భార్య రాధమ్మ చెప్పిందట.

12 అక్టోబర్, దసరా

మా ఇంట్లో దసరా రోజు అన్నం పెట్టే వస్తువులన్నిటికీ పూజ. పార, గడ్డపార, కొడవలి, ట్రాక్టర్. నేను రియల్ ఎస్టేట్‌లోకి వచ్చాక జేసీబీ, కారు కూడా చేరాయి. ఈసారి నా రివాల్వర్ కూడా పెట్టాను. లైసెన్స్ వచ్చి రెండేళ్ళయింది. పోయిన దసరాకు ఎలక్షన్లని స్టేషన్లో డిపాజిట్ చేయించారు. అన్నాళ్ళూ చేతికి వాచీ లేనట్టు తిరిగాను.

పూజ అమ్మే చేస్తుంది. డెబ్బై ఎనిమిదేళ్ళు. రివాల్వర్‌ను చూసి గిదేం పండిస్తదిరా అని అడిగింది. పండియ్యదే, కాపాడుతది అన్నాను. అయితే మంచిగ రుద్దాలె అన్నది. నేను బుల్లెట్లు తీసి పక్కన పెట్టి, జేసీబీకి దండ వేసి వచ్చేలోపు అమ్మ గడ్డపారను కడిగినట్టే దాన్నీ కడిగింది. కొబ్బరినీళ్ళలో పసుపు కలిపి సందు సందులో రుద్దింది. ఆరు బుల్లెట్లనూ తమలపాకు మీద వరసగా పెట్టి ఒక్కోదానికి బొట్టు పెట్టింది. చూస్తే ముద్దొచ్చింది. పైపైన తుడిచి, నింపి, బీరువాలో పెట్టాను.

అన్నాల దగ్గర మా బిడ్డ తృప్తి మొదలుపెట్టింది. శామీర్‌పేటలో లా చదువుతోంది కదా, ఇంట్లో కూడా కోర్టే. అమెరికాల లెక్క ఈడ గన్ను హక్కు కాదు బాపూ, సర్కారిచ్చే పర్మిషన్ అన్నది. నీకు ఎవలతోని ప్రాణహాని అని అడిగింది. రోడ్డు పక్క జాగా ఉన్నోడికి ఊరంతా ప్రాణహానే అన్నాను. పోలీసులు వచ్చేదాకా నేను చేతులు కట్టుకుని నిలబడాలా? ఇంట్ల గన్నుంటె ముందుగాల ఇంట్లోల్లకే డేంజర్ అని ఏవో లెక్కలు చెప్పింది. పండుగ పూట గట్టిగా అరిచాను. మటన్ సగంలో వదిలేసి లేచాను.

18 జనవరి 2025

తమ్ముడు యాదగిరి హద్దురాయి జరిపాడు. అత్వెల్లిలో మా బాపు మా ఇద్దరికీ పంచి ఇచ్చిన భూమి, ఇద్దరి మధ్యా ఒకటే రాయి. నా వైపుకు నాలుగడుగులు వచ్చింది. ఫోన్ చేస్తే నేను ముట్టలే అన్నా అన్నాడు. రాయికి కాళ్ళున్నాయా?

2 ఫిబ్రవరి

పెద్దమనుషులను పిలుద్దామని అమ్మ అన్నది. వద్దన్నాను. రివాల్వర్ కారు డాష్‌బోర్డులో పెట్టుకున్నాను. ఎందుకో రాయను.

9 ఫిబ్రవరి, సాయంత్రం 7

తమ్ముణ్ణి చంపబోయాను.

ఈ మాట రాసి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. మిగతాది కూడా రాయాలి.

ఐదింటికి పొలం దగ్గరికి పోయాను. యాదగిరి గడ్డపారతో రాయి చుట్టూ తవ్వుతున్నాడు. మళ్ళీ జరుపుతున్నావా అన్నాను. వంగింది, సక్కగ నిలబెడుతున్న అన్నాడు. మాట మీద మాట. నాలుగడుగులకు గింత లొల్లా, బాపు ఉంటె నిన్ను జూసి నవ్వుతుండె అన్నాడు. అంతే. కారు దగ్గరికి పోయి తీసుకొచ్చాను. మంచమంత దూరంలో నిలబడి గుండెకు గురిపెట్టాను. బెదిరించడానికి కాదు. గుంజాను. ట్రిగ్గర్ కదలలేదు. మళ్ళీ గుంజాను. బిగుసుకుపోయి ఉంది.

నా చూపుడువేలి మీద పసుపు రాలింది.

వాడి చేతిలో గడ్డపార ఉంది. ఒక్కటి వేస్తే నా తల పగిలేది. వాడు దాన్ని మెల్లగా కింద పెట్టి రాయి పక్కన కూలబడ్డాడు. నేనూ కూర్చున్నాను. కారు తాళం తిప్పడానికి నాకు చెయ్యి రాలేదు. వాడే నడిపి ఇంటి దగ్గర దింపాడు. దిగేటప్పుడు ఒక్క మాటే అన్నాడు. అన్నా, రెండుసార్లు గుంజినవ్.

10 ఫిబ్రవరి

సిటీలో ఆయుధాల షాపుకు పోయాను. ముసలి సాయిబు బుల్లెట్లు తీసి, విప్పి చూసి చాలాసేపు నవ్వాడు. క్యా సాబ్, గన్నుకు హల్దీ ఫంక్షన్ జేసిన్రా అన్నాడు. పసుపు ముద్ద గట్టిపడి, కొబ్బరినీళ్ళకు లోపలంతా తుప్పు పట్టిందట. నాలుగు నెల్లల్ల ఒక్కసారన్న సాఫ్ జేసుకోవద్దా అని తిట్టాడు. రిపేర్‌కు వారం పడుతుందన్నాడు. వద్దన్నాను. నేను ఏడుస్తుంటే చూసి ఆయన నవ్వాపి చాయ్ తెప్పించాడు.

అమ్మ చేతులకు దండం. కొబ్బరికాయకు దండం. నా బద్ధకానికి కూడా దండం, జీవితంలో మొదటిసారి పనికొచ్చింది.

11 ఫిబ్రవరి

తృప్తికి అంతా చెప్పాను. నేను చెప్పలేదా అంటుందనుకున్నాను. అనలేదు. నా పక్కన కూర్చుని, నడువు బాపూ, వాపస్ ఇచ్చొద్దాం, నేనొస్త అన్నది. ఇంతటి బిడ్డ మీద మటన్ ముందు అరిచాను.

13 ఫిబ్రవరి

స్టేషన్‌కు పోయి రివాల్వర్, బుల్లెట్లు, లైసెన్స్ అప్పజెప్పాను. అప్పట్లో గుర్తుతెలియని వ్యక్తుల నుంచి ప్రాణహాని ఉందని రాసి తీసుకున్న లైసెన్స్ అది. ఈ రెండేళ్ళలో దాని ముందు నిలబడ్డ మనిషి ఒక్కడే. వాడు పుట్టినప్పుడు పేరు పెట్టింది నేను. ఎందుకు వాపస్ ఇస్తున్నారో రాయమన్నారు. నాకిప్పుడు ప్రాణహాని లేదు అని రాశాను. అబద్ధం కాదు.

20 ఫిబ్రవరి

సర్వేయర్ వచ్చి కొలిచాడు. రాయి జరిగిన మాట నిజమే. దాని పక్కనే జేసీబీ పళ్ళ గీతలు. సంక్రాంతికి ముందు నా జాగా చదును చేసింది నా జేసీబీయే. దసరాకు దండ వేసింది దానికే.

యాదగిరికి చేతులు జోడించాను. జోడించిన చేతులను వాడు పట్టుకుని కిందికి దింపాడు. కేసు పెట్టలేదు, ఇంట్లో కూడా చెప్పలేదట. కల్లు తాగుదాం పా అన్నాడు. బీపీ సంగతి మర్చిపోయి పోయాను.

11 మే

యాదగిరి బిడ్డ శృతి పెళ్ళి. వాడు పీట మీద కూర్చుని కన్యాదానం చేశాడు. నేను పక్కనే ఉండి నీళ్ళ చెంబు పట్టుకున్నాను. ఆ పీట మీద వాడు లేకుండా పోయేవాడు, నా వల్ల. బరాత్‌లో పెళ్ళికొడుకు వైపు వాళ్ళు, మీ అన్న దగ్గర గన్నుందట గదా, గాల్లోకి రెండు పేల్చమను అన్నారు. మా అన్న దగ్గర పటాకులే ఉన్నయ్ అన్నాడు యాదగిరి. ఇద్దరం కలిసి వెయ్యి వాలా కాల్చాం. కడుపు నిండింది. బీపీ 130/80.

2 అక్టోబర్ 2025, దసరా

అమ్మకు నేను చెప్పలేదు. యాదగిరి చెప్పలేదు, తృప్తి చెప్పలేదు. పార, గడ్డపార, కొడవలి అయ్యాక అమ్మ నా కుడిచెయ్యి దగ్గరికి లాక్కున్నది. చూపుడువేలికి మంచిగా పసుపు రుద్ది, బొట్టు పెట్టింది.