పాత చోటు మరవని కోళ్ళు

డుంబ్రిగుడ, మంగళవారం రాత్రి

దారి పక్కనున్న కోళ్ళగూడు విప్పేసి, ఇంటి వెనక పనసచెట్టు చాటున కొత్త వెదురు గూడు పెట్టించారు మా ఆయన. తెల్లదొర క్యాంపుకొచ్చినప్పుడల్లా బంట్రోతులు కోళ్ళను ఊరికే పట్టుకుపోతున్నారని భయం. కొత్త గూట్లో గడ్డి పరిచాను, చోళ్ళ గింజలు చల్లాను. పగలంతా ఆ చుట్టుపక్కలే బుద్ధిగా మేశాయి.

చీకటి పడే వేళకు బంట్రోతు రానే వచ్చాడు. "కోళ్ళు లేవు బాబూ" అన్నారు ఈయన. ఆ మాట నోట్లో ఉండగానే, మా నల్లపెట్ట ముందు నడుస్తుంటే మిగతావన్నీ దాని వెనకే వచ్చి, గూడు లేని ఆ పాత చోట్లోనే, వాడి కాళ్ళ దగ్గర ముడుచుకు కూర్చున్నాయి. కొత్త గూడు అలవాటయ్యేదాకా కోళ్ళను మూసి ఉంచాలి. తెలిసీ వదిలేశాను.

"ఏటి మేస్టారూ, లేవన్నారు? దొరగారితో సెప్పమంటారేటి?" అని వాడు నవ్వాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఉన్నాయి. ఇవ్వను. దొరతో ఆ మాటే చెప్పు" అన్నాను. వాడు గొణుక్కుంటూ పోయాడు.

"నా ఉద్యోగం ఊడితే ఏటి చేస్తావే?" అని ఈయన ఇందాకటినుంచీ అడుగుతూనే ఉన్నారు.

కోళ్ళను ఒక్కొక్కటే ఎత్తి కొత్త గూట్లో పెట్టి తడిక మూశాను. తెల్లారగానే ఆ గూడును పాత చోటికే మోయిస్తాను. తడిక దారివైపే ఉంచుతాను.