నూనె చుక్క, అమ్మ పాత చీర

బెంగుళూరు

అమ్మకు, సునీత వందనాలు. నేను బాగున్నాను. నువ్వు, నాన్న, తమ్ముడు కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? నాన్నతో రాయించకుండా నువ్వే నిజం రాయి.

ఇక్కడ వేసవిలోనూ సాయంత్రాలు చల్లగా ఉంటాయి. సాంబారులో బెల్లం వేస్తారు. నువ్వు పంపిన కారప్పొడి లేకపోతే నా గతి ఏమయ్యేదో.

నా పని ఏమిటని అడిగావు. పెద్ద గొట్టంలోకి ఫ్యాను గాలి తోలుతుంది. లోపలున్న పలకను ఆ గాలి ఎంత గట్టిగా రాసుకుంటూ పోతోందో కొలవాలి. పలక మీద నూనె చుక్క వేస్తాం. గాలికి అది పల్చబడుతుంది. లేజరు వెలుగు వేస్తే అందులో చారలు కనిపిస్తాయి. వాన నీళ్ళ మీద లారీ డీజిలు పడితే రంగులు తేలతాయి చూడు, అలాంటివే. రాపిడి ఎక్కువయ్యేకొద్దీ చారల మధ్య ఎడం పెరుగుతుంది. ఆ ఎడం చూసి లెక్క కడతాం.

ఈమధ్య నా చారలన్నీ వంకరగా వచ్చాయమ్మా. మా సారు విసుగెత్తి, "ఈసారీ కుదరకపోతే ఈ పని ఇంకొకరికి అప్పజెబుతాను" అన్నారు. ఉద్యోగం పోయి ఇంటికి దర్శి బస్సెక్కాల్సి వస్తుందని భయపడ్డాను. నీకు బెంగ ఎందుకని రాయలేదు.

కారణం ఏమిటో తెలుసా? మన చేలో పత్తికి గింజ తీసి, కొత్త డబ్బాలో పెట్టి నువ్వు పంపిన దూది. కోపం తెచ్చుకోకు. లాంతరు గ్లాసు నుంచి తమ్ముడి పుండు దాకా అన్నీ దూదితో తుడిచినవాళ్ళం కదా, పలకనూ దాంతోనే తుడిచాను. భూతద్దం పెట్టి చూస్తే తెలిసింది, కంటికి ఆనని పోగు నూనెలో పడ్డా చార అక్కడ వంగిపోతుందని.

సంగతి తెలిసిన రోజే, కారప్పొడి సీసాకు నువ్వు చుట్టిన పాత చీర ముక్క కంటపడింది. "గుడ్డ పారెయ్యి" అని రాశావు. ఎన్నేళ్ళు ఉతికావో, దులిపితే నూగు కూడా రాలలేదు. సబ్బునీళ్ళలో ఉడకబెట్టి, కారం ఘాటు పోయేదాకా ఉతికి పట్టుకెళ్ళి, దాంతో పలక తుడిచాను. చారలు మన మిరప సాళ్ళలా తిన్నగా వచ్చాయి. మర్నాడూ అలాగే వచ్చాయి.

"ఏం గుడ్డ ఇది?" అన్నారు సారు.

"మా అమ్మ చీరండి."

ఆయన చారల వంకే చూస్తూ, "ఇక ఈ కొలతలన్నీ నువ్వే చూసుకోమ్మా" అన్నారు. సంతోషంతో నాకు ఏడుపొచ్చింది.

దూదితో చిన్న దిండు కుట్టుకున్నాను. హాయిగా నిద్ర పడుతోంది. ఎవరైనా ఇటు వస్తుంటే ఇంకో పాత చీర పంపు. కొత్తది కొనకు, నీ ఒంటి మీద నలిగిందే కావాలి.

అమ్మమ్మకు, పాస్టరు గారికి నా వందనాలు చెప్పు. ప్రార్థనలో నన్ను తలుచుకుని దీవించు. నువ్వు పారెయ్యమన్న గుడ్డ ఇప్పుడు లేజరు సామాను బీరువాలో ఉందమ్మా. తాళం నా దగ్గరే.

నీ కూతురు,
సునీత