అమ్మ తల చిక్కు

అమ్మాయీ,

నా కోడిగీతలూ తప్పులూ మన్నించి చదువుకో. ఆసుపత్రిలో అమ్మ రెండు చేతుల కట్లూ ఇంకా విప్పలేదు. తల నేనే రుద్దాను. నా బట్టతలకి వాడే ఒంటి సబ్బే రుద్దితే జుట్టంతా అట్టకట్టింది.

"షాంపూ తే తాతా. వచ్చే సోమవారానికి చిక్కు వదలకపోతే కత్తిరించేస్తా" అంది నర్సమ్మ.

"షాంపూ పెడితే ఉన్న నాలుగు వెంట్రుకలూ రాలతాయి. సబ్బు మంచిదే, కడగడమే మీకు చేతకాదు" అంటుంది మీ అమ్మ. కత్తెర మాట విన్నప్పటి నుంచి సరిగ్గా తినడం లేదు. షాంపూ కొని జేబులోనే ఉంచాను. ఏది పెట్టను? నీ మాటైతే వింటుంది.

చిన్నదాని దగ్గు తగ్గిందా? పెరటి కుళాయి బాగు చేయించావా?

రోజూ వేళ్లతో చిక్కు తీస్తున్నాను. కసురుతుంది గాని తల పక్కకు తిప్పుకోదు.

పిల్లలకి దీవెనలు. కత్తెర కంటే ముందు నీ జవాబు రావాలి.

నాన్న