మొదట ఎవరిదైతే వాళ్ళకే

రాచర్ల,
1936 ఆగస్టు

ప్రియమైన తమ్ముడు కరుణాకరానికి, అక్క మగ్దలీనమ్మ ప్రేమతో రాయునది.

నువ్వు మద్రాసు రైలెక్కాక కూడా మనవాళ్ళు నల్లమలలో వెదికారు. వెదురు కొట్టడానికి పోయిన మీ బావవి తలగుడ్డ, కొడవలి తప్ప ఏమీ దొరకలేదు. పులి ఏమీ మిగల్చలేదు. తలగుడ్డ పట్టుకుని పాస్టరు గారి దగ్గరికి పోయి సమాధుల తోటలో చోటు అడిగాను. "గుడ్డపేలికకు గుంట ఎట్ల తవ్వేదమ్మా? శవం ఉండాల కదా," అన్నారు.

నువ్వు కాలేజీలో పాతకాలపు తత్వవేత్తల పుస్తకాలు చదువుతున్నావు కదా. చచ్చినవాళ్ళంతా దేహాలతో లేచే పునరుత్థాన దినాన పులి తిన్న మనిషి ఎట్లా లేస్తాడో వాళ్ళల్లో ఎవరైనా రాశారేమో చూడు. నాకు ఇదొక్కటే కావాలి.

నీ జవాబు కోసం కాచుకున్న
అక్క

మద్రాసు,
సెప్టెంబరు

ప్రియమైన అక్కకు వందనాలు.

ఈ ఏడు మాకు ప్రాచీన, మధ్యయుగ తత్వశాస్త్రం. ఇప్పుడు గ్రీకుల దగ్గర ఉన్నాం. వాళ్ళలో గొప్పవాడొకడు మనిషంటే ఆత్మేనంటాడు. దేహం దానికి జైలట. అట్లా చూస్తే పులికి దొరికింది బావ కాదు, బావ ఉన్న జైలు మాత్రమే. ధైర్యం తెచ్చుకో.

హాస్టల్లో మాంసం వడ్డిస్తే లేచి వచ్చేస్తున్నాను. నువ్వు వేళకు తిను అని చెప్పే నోరు నాకు లేదు.

నీ తమ్ముడు
కరుణాకరం

రాచర్ల,
అక్టోబరు

నాయనా కరుణాకరం,

నీ గ్రీకాయనకు పెళ్ళయిందా? అయ్యుంటే దేహాన్ని జైలనడు. బడికి పోయే నిన్ను వాగు దాటించింది ఆత్మ కాదు, మీ బావ భుజాలు. వాటికే నేను సమాధి అడుగుతున్నాను.

ఇంకో మాట. పొద్దుగూకే వేళ కొండ మీద పులి అరుస్తోంది. ఊరంతా తలుపులు బిగించుకుంటుంటే నాకు గడియ తీయబుద్ధవుతోంది. ఆ గొంతులో మీ బావ దగ్గు వినిపిస్తోంది తమ్ముడూ. నిన్న గడప దాటి వాకిట్లో నిలబడ్డాను. యల్లయ్య మామ మేకలు తోలుకొస్తూ చూసి, "లోపలికి పో బిడ్డా. అది నీ మొగుడు కాదు, పులి," అని కేకలేశాడు.

కాదని ఆయనకెట్లా తెలుసు?

అక్క

మద్రాసు,
నవంబరు

ప్రియమైన అక్కా,

నీ కాళ్ళు పట్టుకుంటాను, గడియ తీయకు. నాకు భయంగా ఉంది.

నీ ప్రశ్న మధ్యయుగపు క్రైస్తవ సన్యాసులు వందల ఏళ్ళ కిందటే వేసుకున్నారు. మృగం తిన్న మనిషి సంగతేమిటని వాదించుకుని చివరికి తేల్చారు. దేహంలో ఏ రవ్వా పోదు. ఎవరి కడుపులో చేరినా, మొదట ఎవరిదైతే చివరికి వాళ్ళకే. పులి ఒక సంచీ లాంటిది, లోపలి సరుకు బావదే. ప్రొఫెసరు గారు ఇది చెప్తుంటే క్లాసంతా నవ్వింది. నేను తలెత్తలేదు.

ఆ దినం వచ్చేదాకా సంచీ జోలికి పోకు. క్షేమమని ఒక్క కార్డు ముక్క రాయి.

నీ తమ్ముడు

రాచర్ల,
1937 ఫిబ్రవరి

ప్రియమైన తమ్ముడికి,

నీ కార్డులన్నీ అందాయి. రాయడానికి చెయ్యి రాలేదు.

క్రిస్మసు పోయాక ఫారెస్టు దొర ఒకాయన గుడారం వేసి పులిని కొట్టాడు. ఊరంతా పోతే నేనూ పోయాను. దాని ముందరి కాలి మీద మానిన కొడవలి గాటు ఉంది. మీ బావ ఊరికే లొంగలేదు.

దొర మనుషులు తోలు ఒలిచి మిగతాది గద్దలకు వదిలేయబోయారు. నేను అడ్డం నిలబడి, "తోలు మీరు తీసుకోండి సామీ. లోపలుండేది మా ఆయన," అన్నాను. నాకు మతి పోయిందన్నారు. యల్లయ్య మామ మారుమాట్లాడకుండా బండి కట్టాడు.

సమాధుల తోట దగ్గర పాస్టరు గారు, "మృగానికి ప్రార్థన ఎట్ల చేసేది మగ్దలీనమ్మా?" అన్నారు.

"సంచీకి వద్దయ్యా, సరుక్కి చేయండి," అని నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆయన ప్రార్థన చేయలేదు. గేటు తాళం తీసిచ్చి వెళ్ళిపోయారు. తలగుడ్డ పైన పరిచి మట్టి నేనే పోశాను.

ఇప్పుడు గడియ వేసుకునే పడుకుంటున్నాను. కొండ మీద అరుపు లేదు. అది లేక ఇల్లు మరీ బోసిగా ఉంది.

బాధల్లా ఒక్కటే. ఆ తోలు మీ మద్రాసుకే పంపి, తలతో సహా బాగుచేయించి, దొర తన కుర్చీ ముందు పరుచుకుంటాడంట. ఏ రవ్వా పోదని నువ్వే రాశావు. మీ బావ బతికినన్నాళ్ళూ ఎవరి కాళ్ళ కిందా పడి ఉండలేదు.

చదువయ్యాక నువ్వు మంచి ఇంగ్లీషులో ఆ దొరకు ఒక ఉత్తరం రాయి. పునరుత్థాన దినాన కడబూర మోగినప్పుడు కాస్త కాళ్ళు తీయమను. మీ బావ లేవాలి.

నీ అక్క
మగ్దలీనమ్మ